అరిగిపోయిన అయిదు

మా ఆఫీసులో నా కీబోర్డు మీద అన్నిటికంటే ముందు అరిగిపోయిన బటను సున్నా. కుడిపక్కన విడిగా నంబర్ల గుంపు ఒకటి ఉంటుంది కదా, అందులో అడుగున వెడల్పుగా పరుచుకుని ఉండేది. అనంతపురం జిల్లాలో ఏ మండలంలో ఎంత వాన పడిందో రోజూ కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఇక ఏ బటను అరుగుతుందో వేరే చెప్పాలా! చేరిన రెండో వేసవికే దాని మీది గుండ్రని గీత మాసిపోయి, ఉత్త తెల్ల పలక మిగిలింది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి స్పేసు బటను ఇక్కడ ఇంకోటి పెట్టారేమిటని అడిగేవాళ్ళు.

నేను చేరింది తొంభైల చివర్లో. అంతకుముందు గుంతకల్లులో టైపు నేర్చుకున్నాను. టైపు మిషను మీద నంబర్లు పై వరసలో ఎక్కడో దూరంగా ఉంటాయి, వేళ్ళు సాచి అందుకోవాలి. కంప్యూటరు దగ్గర అవన్నీ కుడిచేతి కిందికి వచ్చి కూర్చున్నాయి. నడిమధ్య అయిదు. దాని మీద సన్నని గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. మధ్యవేలికి ఆ గీత తగిలిందంటే చాలు, మిగతా ఎనిమిది ఎక్కడెక్కడున్నాయో వేళ్ళకే తెలుస్తుంది. బొటనవేలు సున్నా మీద, చిటికెనవేలు ఎంటర్ మీద. కళ్ళు కాగితం మీదే ఉంచి గంటలకొద్దీ కొట్టేదాన్ని. ఈ పనిలో ఎడమచేతికి పనే లేదు. మొదట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత దానికి ఫోను రిసీవరు దొరికింది.

ఈ విద్యతో ఒక చిక్కు కూడా వచ్చింది. కీబోర్డులో ఏడు ఎనిమిది తొమ్మిది పైన ఉంటాయి, ఫోనులో ఒకటి రెండు మూడు పైన ఉంటాయి. ఎవరు పెట్టారో ఈ తగూ, వాళ్ళ పుణ్యమా అని నేను ఎవరికి ఫోను చేసినా ఇంకెవరికో పోయేది. వేళ్ళు నా మాట వినేవి కావు. చివరికి చిన్నపిల్లలా చూపుడువేలు ఒక్కటే పెట్టి, బటను బటనూ చూసుకుంటూ నొక్కడం మళ్ళీ నేర్చుకున్నాను. అయినా నేను ఫోను చేయాల్సిన మనుషులెవరని!

మాది రైల్వే ఇల్లు. నాయన గుంతకల్లు యార్డులో షంటింగు పని చేసేవాడు. కాలనీలో పగలూ రాత్రీ లేకుండా ఇంజన్ల కూతలు, పెట్టెలు పెట్టెలు గుద్దుకునే చప్పుడు. నాయన పోయాక ఆ ఉద్యోగం అన్నకిచ్చి హుబ్లీ వైపు వేశారు. క్వార్టరు ఖాళీ చేశాం. అమ్మ అన్న వెంట వెళ్ళింది. నేను అనంతపురంలో మిద్దె మీద ఒంటిగది అద్దెకు తీసుకున్నాను. పెళ్ళి ఎందుకు కాలేదని అడిగినవాళ్ళందరికీ అప్పట్లోనే జవాబులు ఇచ్చేశాను, మళ్ళీ ఇక్కడ ఇచ్చే ఓపిక లేదు.

ఆ గదిలో నన్ను ఇబ్బంది పెట్టింది నిశ్శబ్దం. రైలు కూత లేని ఊళ్ళో నిద్ర ఎలా పడుతుందో నాకు తెలియదు. అనంతపురంలోనూ స్టేషనుంది, కానీ నా గదికి దూరం. ఆదివారం వస్తోందంటే భయం. శనివారం సాయంత్రం కింది ఇంటావిడతో "నీళ్ళొచ్చినాయా అక్కా" అన్న మాటే సోమవారం పొద్దుటిదాకా నా నోట్లోంచి వచ్చిన ఆఖరి మాట. సోమవారం ఆఫీసులో మొదటి మాట మాట్లాడేటప్పుడు గొంతు జీరపోయి, దగ్గి సవరించుకోవాల్సి వచ్చేది. ఒంటరిగా ఉన్నానని ఎవరితోనూ అనలేదు. అంటే జాలిపడతారు, జాలిపడితే నాకు కోపం వస్తుంది.

ఇక రూలు సంగతి చెప్పాలి. ప్రతి మండలం ఆఫీసులో వాన కొలిచే గేజి ఒకటి ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని చూసి, మాకు ఫోనులో చెప్పాలి. వానాకాలంలో అందరూ రోజూ చేయాలి. మిగతా నెలల్లో వాన పడితేనే ఫోను, పడకపోతే అక్కర్లేదు. ఫోను రాకపోతే సున్నా అనుకోమని సర్క్యులరు. అందుకని ఎండ నెలల్లో నేను వచ్చీ రాగానే, టీ రాకముందే, పై నుంచి కింది దాకా అన్ని మండలాలకూ సున్నా, ఎంటర్, సున్నా, ఎంటర్ కొట్టేసి చేతులు దులుపుకునేదాన్ని.

అలా దులుపుకున్న ఒక పొద్దున ఫోను మోగింది. అవతల కొంచెం వయసు మీరిన మగగొంతు.

"అమ్మా, సున్నా."

"ఏం సున్నా?"

"మా మండలంలో వాన. సున్నా పాయింటు సున్నా."

మండలం పేరు చెప్పాడు. కొత్తచెరువులో బస్సు మారి పోవాల్సిన ఊరు. ఆ పేరు ఇక్కడ రాయను, ఎందుకు రాయలేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"వాన పడకుంటే ఫోన్ చేసే పని లేదు సార్. సర్క్యులర్ పంపించినారు గదా, చూడలేదా?" అన్నాను. నా గొంతు అసలే సూదిలా ఉంటుంది.

"చూసినా తల్లీ. అయితే పడలేదని చెప్పకుంటే, పడలేదని నీకెట్ల తెలుస్తాది?"

"ఫోన్ రాకుంటే పడలేదనే."

"ఫోన్ రాకుంటే ఈడ మనిషే ల్యాడని గూడ కావచ్చు గదమ్మా. గేజి కాడికి పోయి చూసి చెప్పే సున్నా వేరే, చూడకుండా ఏసే సున్నా వేరే."

"సరే, వేసుకున్నాలే సార్" అన్నాను.

"ఏసినావా? టకటక సద్దు ఇనపడలా."

ఒళ్ళు మండింది. రిసీవరు కీబోర్డు దగ్గర పెట్టి, మధ్యవేలితో అయిదు మీద ఠపీమని ఒకటి కొట్టాను. "ఆ, ఇప్పుడినపడె" అని సంతోషంగా ఫోను పెట్టేశాడు ఆయన.

మర్నాడు మా సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. "ఏమ్మా, నిన్న గుంతకల్లులో అయిదు మిల్లీమీటర్లు కురిసిందా? మా బామ్మర్ది ఆడే ఉన్నాడు. అడిగితే కండ్లలో దుమ్ము కొడతాందంటాడే!" నేను విసురుగా కొట్టిన అయిదు, కర్సరు ఎక్కడుంటే అక్కడ వానై పడింది. పుట్టిన ఊరికి నేను చేసిన మేలు అదొక్కటే. సాయంత్రానికల్లా దాన్ని కూడా చెరిపేశాను.

ఆ మండలం ఆయన మాత్రం ఫోను మానలేదు. మర్నాడూ చేశాడు, ఆ మర్నాడూ చేశాడు. సద్దు వినపడితే తప్ప ఫోను పెట్టడు. ప్రతిసారీ ఎక్కడో ఓ చోట వాన కురిపించలేను కదా. అప్పుడు కనిపెట్టాను నంలాక్ ఉపాయం. కీబోర్డు మూల చిన్న పచ్చదీపాలు ఉంటాయి. నంలాక్ నొక్కితే అందులో ఒకటి ఆరిపోతుంది, నంబర్లు నంబర్లుగా పనిచేయడం మానేస్తాయి. ఎనిమిది పైకి పోయే బాణం అవుతుంది, రెండు కిందికి, నాలుగు ఆరు పక్కలకు. సున్నాతో ఒక తంటా, చుక్కతో ఇంకో తంటా, చుక్క నొక్కితే ఉన్నది కాస్తా చెరిగిపోతుంది. ఒక్క అయిదు మాత్రమే ఏమీ కాదు. చుట్టూ ఉన్నవన్నీ ఎటో ఒకవైపు బయల్దేరితే, అది నడిమధ్య ఉన్నచోటే ఉంటుంది. ఎంత కొట్టినా తెర మీద చీమంత కదలిక ఉండదు. చప్పుడు మాత్రం చేస్తుంది. ఆ దీపం ఆరినప్పుడల్లా అయిదును చూస్తే నాకు నా ఆదివారాలు గుర్తొచ్చేవి.

అప్పటి నుంచి అదే అలవాటైంది. ఫోను మోగగానే ఎడమచేత్తో రిసీవరు ఎత్తడం, కుడిచేత్తో నంలాక్ ఆర్పడం. "అమ్మా, సున్నా" అంటాడు. నేను అయిదు మీద టక్కుమనిపిస్తాను. "ఇనపడె" అంటాడు. ఆయన మండలానికి సున్నా నేను అంతకుముందే వేసేసి ఉంటాను.

మొదట్లో అంతటితో సరి. తర్వాత్తర్వాత మాట కొంచెం సాగింది, అది సాగినంతసేపూ నా మధ్యవేలు అయిదు మీది గీతను రుద్దుతూ ఉండేది. ఆఫీసు వెనక కుక్క ఈనిందని ఒకరోజు. పొద్దున సంగటి అడుగంటిందని ఒకరోజు. బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తినోళ్ళంతా మొగాలు పైకెత్తుకుని తిరగతాండారని ఒకరోజు. నేను రైల్వే కాలనీ చప్పుళ్ళ గురించి చెప్పాను. "అయితే నీకు సద్దు ల్యాకుంటే తోచదు, నా మాదిరే" అన్నాడు. ఆయన నా పేరు అడగలేదు, నేనూ ఆయన పేరు అడగలేదు. పెళ్ళయిందా అనీ అడగలేదు, ఆ ఒక్క గుణానికే ఆయన నాకు నచ్చాడు. ఎప్పుడు మారిందో తెలియదు, సార్ అనడం మానేసి చిన్నాయనా అంటున్నాను. నాయన అనే మాట నోట్లోంచి వచ్చి చాలా ఏళ్ళయింది. దాన్లో సగమైనా మళ్ళీ దొరికింది.

ఒక జూన్ నెలలో నిజంగానే వాన పడింది. ఆ పొద్దున ఫోనులో ఆయన గొంతు కంటే ముందు రేకుల మీద చినుకుల మోత వినిపించింది. "ఇనమ్మా, ఇను!" అని రిసీవరు కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు. కాసేపటికి, "ముప్పై రెండు పాయింటు నాలుగు!" అని అరిచాడు. నేను నంలాక్ వెలిగించి మూడు, రెండు, చుక్క, నాలుగు కొట్టాను. "ఈ పొద్దు సద్దు వ్యారేగుండాదే" అన్నాడు. వాన మోతలో అలా వినపడి ఉంటుందిలే అనుకున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలంలో సూపరింటెండెంటు నా టేబులు దగ్గరికి వచ్చాడు. "ఆ మండలమాయప్ప పొద్దున్నే లైను ఎంగేజి చేస్తాండాడంట. వానే ల్యాకుంటే ఫోనెందుకు? ఇంగ చేయొద్దని నువ్వే చెప్పు." తలూపాను. మర్నాడు ఫోను మోగింది. "అమ్మా, సున్నా" అన్నాడు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. టక్కుమనిపించి పెట్టేశాను. ఆ మర్నాడూ అంతే. చెప్పలేకపోయాను. ఉన్న సంగతి ఒప్పుకుంటాను, నాకా ఫోను కావాలి. రోజు మొత్తంలో నాకోసం మోగేది అదొక్కటే. అది పోతే వారంలో ఏడు రోజులూ ఆదివారాలే.

నేను చెప్పకుండానే అది ఆగిపోయింది.

మొదటి రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. రెండో రోజు లైను చెడిందేమో అనుకున్నాను. మూడో రోజు సూపరింటెండెంటే స్వయంగా చెప్పి ఉంటాడని నిర్ధారణ చేసుకుని, ఆయన నమస్కారం పెట్టినా తల తిప్పుకుని పోయాను. రూలు ప్రకారం ఫోను రాకపోతే సున్నా. నాకేమో చిన్నాయన మొదటిరోజు అన్న మాట చెవిలో తిరుగుతోంది, ఫోను రాకుంటే మనిషే లేడని కూడా కావచ్చని. ఆ మండలం దగ్గరికి వచ్చేసరికి నా బొటనవేలు ఆగిపోయేది.

ఇక ఉండబట్టలేక నేనే ఫోను చేశాను. తొందరలో చేతివేళ్ళన్నీ వాడాను. "ఈడ ఆఫీసు ల్యాదమ్మా, ఎరువుల అంగడి" అన్నారెవరో. చూపుడువేలు ఒక్కటే పెట్టి మళ్ళీ చేశాను. ఈసారి కుర్రగొంతు పలికింది. "ఆయప్పా? రిటైరయిపాయె గదక్కా పోయిన నెలాఖరుకే. ఏమన్నా పనుండిందా?"

"ఏం లేదు" అని పెట్టేశాను. నాతో ఒక్క మాట అనలేదే! ఆఖరి రోజు కూడా సున్నా అని చెప్పి మామూలుగా పెట్టేశాడు. మనిషి క్షేమంగా ఉన్నాడన్న సంతోషం కంటే కోపమే ఎక్కువొచ్చింది. ఇంటి దగ్గర ఫోను లేదని ఎప్పుడో చెప్పాడు. ఇక ఆ గొంతు వినపడదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయిన వేళ, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. చిన్న మనిషి. తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి. ఫోనులో ఆ గొంతు విని నేను ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. అందుకే ఎవరో పనిమీద వచ్చినాయన అనుకుని తల దించుకున్నాను.

"అమ్మా, సున్నా" అన్నాడు.

నాకు లేచి నిలబడటం కూడా తోచలేదు. పెన్షను పని మీద వచ్చాడట. సంచిలోంచి ఉడకబెట్టిన బుడ్డలు తీసి కాగితం మీద పోసి, ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నేను పలకరించకుండానే దెబ్బలాటకు దిగాను.

"రిటైరవుతానని ఒక్క మాట చెప్పల్లేదా చిన్నాయనా?"

"చెప్తే ఆ పొద్దు సున్నా అనేకి నోరొచ్చేది కాదు తల్లీ." కాసేపు బుడ్డలు వొలిచాడు. తర్వాత నా మొహం చూడకుండా అన్నాడు. "ఇంగో మాట గూడ చెప్పి పోవాల్నని వచ్చినా. ఎండ దినాల్లో నేను గేజి కాడికి పోయినోణ్ణే కాదు."

"ఏమన్నావు?"

"నెత్తిన ఎండ పొడస్తాంటే డబ్బాలో చూసేకి ఏముంటాదమ్మా? మా ఇంట్లోది పోయినంక నాకు ఫోన్ చేసేకి మనిషే ల్యాదు. ఆఫీసు ఫోన్ ముట్టల్లంటే వాన పడల్ల. వాన యాడుండాది మనకు? అందుకే సున్నాకు చేసినా."

నాకు తిక్కరేగింది. చూసి చెప్పే సున్నా వేరు, చూడకుండా వేసే సున్నా వేరు అన్న మాటను నేను ఇన్నాళ్ళూ దేవుడి పటంలా పెట్టుకున్నాను. అంత మండలంలో మా కోసం పొద్దున్నే లేచి గేజి దాకా నడిచిపోయే మనిషి ఒకడున్నాడని నమ్ముకున్నాను. ఆ కోపంలోనే కీబోర్డు ఆయన వైపు తిప్పి, నంలాక్ ఆర్పి, "అయిదు నొక్కు" అన్నాను. చూపుడువేలితో భయం భయంగా నొక్కాడు. తెర వైపు చూశాడు.

"ఏమీ రాలా."

"రాదు. ఎప్పుడూ రాలేదు. నువ్వు ఫోన్ చేసేలోపలే నీ సున్నా నేను ఏసేసి ఉంటాను. నువ్విన్న సద్దు ఇదే."

కొంచెం నవ్వాడు. "నాకు తెలుసులే తల్లీ. సున్నా పాయింటు సున్నా అంటే మూడు సద్దులు రావల్ల. నీ కాణ్ణుంచి ఎప్పుడూ ఒగటే వచ్చేది. వాన పడినపొద్దు మాత్రం నాలుగొచ్చె."

"మరి అడగలేదేం?"

"నువ్వడిగినావా, గేజి చూసినావా అని?"

ఇద్దరం కాసేపు బుడ్డలు తిన్నాం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే నోట్లో బుడ్డలతో చాలా కష్టం. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. బస్సుకు టైమవుతోందని లేచినప్పుడు ఆయన మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు. అయిదు మీద ఒకసారి నొక్కి, చెవి అటు పెట్టి విన్నాడు. "ఫోన్లో కంటే ఈడ చిన్నగుండాదే సద్దు" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు. ఆయన జాగాలో వచ్చిన కుర్రవాడు మంచివాడు, రూలు తెలిసినవాడు. వాన పడితేనే ఫోను చేసేవాడు.

కొన్నేళ్ళకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవి తీసేసి కొత్తవి బిగించడానికి వచ్చినతను నా కీబోర్డు తిరగేసి దుమ్ము దులిపి, నంబర్ల వైపు వింతగా చూశాడు.

"సున్నా అరిగిందంటే సరే మేడం, మన జిల్లాలో అరక్క ఏం చేస్తాది? ఈ అయిదేంది ఇట్లా గుండయిపోయింది? మధ్యలో గీత గూడ ల్యాదు. మన కాడ అన్ని అయిదులు ఎప్పుడు కురిసినాయి?"

ఏం చెప్పను?

"రోజూ ఒకాయన ఫోన్ చేస్తాండె" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నేనూ విడమరచలేదు. కొత్త కీబోర్డు పెట్టి, తీగ తగిలించి, నంలాక్ దీపం వెలుగుతోందా చూడమన్నాడు. వెలుగుతోందని చెప్పాను.